చట్రం ఒకరిది, సిమ్ ఒకరిది

జాతర బందోబస్తు ముగించుకుని ఇంటికొచ్చిన ఎస్సై జ్యోతిరాణికి ఆ ఉదయం ఒళ్లు ఒళ్లుగా లేదు. చీలమండలు వాచి, బూట్లలోంచి కాళ్లు ఊడి రానన్నాయి. గోరువెచ్చటి నీళ్ల బకెట్‌లో పాదాలు పెట్టి కళ్లు మూసుకుందో లేదో ఫోను మోగింది. నస్పూర్ స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ సిద్దిరాములు.

“మేడమ్, బెన్నీ కేసుల మనిషి దొరికిండు. టాస్క్‌ఫోర్స్ సంపత్ సారు జమ్మికుంటల పట్టుకొచ్చి మన లాకప్‌ల ఏసిండు.”

“బెన్నీ శవం దొరికిందా?”

“లే. పొద్దుగూకేవరకు దొరుకుతదని సారు అంటుండు.”

కానిస్టేబులుగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, జుట్టు నెరిసే వేళకు ఎస్సై అయిన మనిషి ఆమె. శవం కంటే ముందు హంతకుడు దొరికే కేసులు ఎట్లాంటివో ఆమెకు బాగా తెలుసు. పాదాలు తుడుచుకుని మళ్లీ అవే బూట్లలోకి కాళ్లు దూర్చింది.

బెన్నీ శ్రీరాంపూర్ దగ్గర ఒక ప్రైవేటు కాంట్రాక్టరు నడిపే మట్టి తవ్వకాల సైటులో ఎలక్ట్రీషియన్. పోయిన ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, తల్లి రిబ్కమ్మ వండింది తిని, బండి మీద బయటికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. మరునాడు అతని బండి గోదావరి ఒడ్డున కనబడింది. భార్య ఏంజెల్ ఆదిలాబాద్‌లో నర్సు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చి ఫిర్యాదు ఇచ్చింది. సరిగ్గా అప్పుడే జ్యోతిరాణిని బందోబస్తుకు పంపారు. ఆమె వెనక్కి వచ్చేసరికి కేసులో టాస్క్‌ఫోర్స్ ఇన్‌స్పెక్టర్ సంపత్ దూరి కూర్చున్నాడు. కాగితాల మీద మాత్రం అది ఇంకా నస్పూర్ స్టేషన్ కేసే.

స్టేషన్ మెట్ల మీద ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. జ్యోతిరాణి భుజం మీది నక్షత్రాలు చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడింది.

“సత్తవ్వను బిడ్డా. లోపటున్నోడు నా కొడుకు శ్రావణ్. కోడిని కొయ్యమంటే అవతలికి వోతడు వాడు. మనిషిని ఎట్ల సంపుతడు?”

“ఏమన్నా తిన్నవా అవ్వా?”

ముసలామె తల అడ్డంగా ఊపింది. సిద్దిరాములును పిలిచి ఆమెకు ఇడ్లీ తెప్పించమని చెప్పి, జ్యోతిరాణి లోపలికి నడిచింది. ఓదార్చే ఓపిక కూడా లేదు ఆమెకు. ఉన్న ఓపికంతా లోపల కావాలి.

శ్రావణ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాతికేళ్లుండవు. చొక్కా మీద అక్కడక్కడా పత్తిపోగులు అంటుకుని ఉన్నాయి. కింది పెదవి చిట్లింది.

“కొట్టిండ్రా?”

వాడు పెదవిని చేత్తో కప్పుకున్నాడు. ఆమె ఇనుప కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చూడు పిలగా, నాకు మస్తు నిద్ర వస్తుంది. అబద్ధం చెప్తే మల్ల మొదటి నుంచి అడగాలె. నిజం చెప్తే ఇద్దరికీ మంచిది. బెన్నీ ఎవలు?”

“నాకెరుక లే మేడమ్. ఏసుప్రభువు మీద ఒట్టెయ్యమన్నా, రాజన్న మీద ఒట్టెయ్యమన్నా ఏస్త. ఆయనను నేను చూడనే లే.”

“చూడకపోతే వాని సిమ్ నీ కాడికి ఎట్ల వచ్చింది?”

శ్రావణ్ గుక్క తిప్పుకుని చెప్పడం మొదలుపెట్టాడు. వాడు డీసీఎం వ్యాను నడుపుతాడు. ఆదివారం చెన్నూరు దిక్కు ఊళ్లలో పత్తి నింపుకుని జమ్మికుంట యార్డుకు బయలుదేరాడు. మధ్యలో శ్రీరాంపూర్‌లో రోడ్డు పక్కన బండి ఆపి చాయ్ తాగాడు. జమ్మికుంటలో మరునాడు పత్తి దించుతుంటే పత్తిలోంచి ఫోను మోగింది. పాత కీప్యాడ్ ఫోను.

“ఎత్తినవా?”

“ఎత్తిన. ఒక ఆడామె ‘బెన్నీ, బెన్నీ’ అన్నది. నేను హలో అన్న. నా గొంతు ఇని ఏడ్సుకుంట పెట్టేసింది. మల్ల చేస్త అని చూస్తే కలువలే.”

“పోలీసులకు ఎందుకు ఇయ్యలే?”

“కూలోళ్ల ఫోన్ పడ్డదేమో అనుకున్న మేడమ్. ఎవలన్నా అడిగితే ఇద్దామని జేబుల ఏసుకున్న. నా ఫోన్ల చార్జింగ్ లేకుంటే దాంతోటే మా అవ్వకు చేసిన. గదే నేను చేసిన తప్పు.”

ఆ ఒక్క ఫోన్ కాల్‌తోనే సంపత్ వాడి మెడ పట్టుకున్నాడు. చచ్చినవాడి నంబరు నుంచి నీ తల్లికి ఫోను పోయిందంటే చంపింది నువ్వే. లెక్క సులువు. సులువైన లెక్కలంటే జ్యోతిరాణికి ఎప్పుడూ అనుమానమే.

“శ్రీరాంపూర్‌ల చాయ్ తాగుతున్నప్పుడు బండి కాడ ఎవలన్నా ఉన్నరా?”

“నేను అటు మొఖం పెట్టి కూసున్న. చూడలే.”

వాడు అబద్ధానికి కూడా ఒక మనిషిని కల్పించుకోలేదు. అదే ఆమెకు నమ్మకం కలిగించింది.

బయటికొచ్చి సాక్ష్యం కవరులోంచి ఆ కీప్యాడ్ ఫోను తీసి, చేతులకు తొడుగులు వేసుకుని వెనక మూత ఊడదీసింది. బ్యాటరీ తీసింది. దాని కింద సిమ్ ఉంది. ఎవరో తెల్లటి ప్లాస్టర్ ముక్క అతికించి అది కదలకుండా చేశారు. గాయాల మీద దూదిని అతికించే ఆసుపత్రి ప్లాస్టర్ అది.

ప్లాస్టర్ మెల్లగా లేపి, కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చూసింది. ఇప్పటి ఫోన్లలో పెట్టే సిమ్ వేలిగోరంత చిన్నది. పాత ఫోనులో అది నిలబడదు, చుట్టూ ప్లాస్టిక్ చట్రం కావాలి. సిమ్ కొన్నప్పుడు ఆ చట్రంతోనే ఇస్తారు. పాత ఫోనుకైతే చట్రంతో సహా పెట్టుకుంటారు, కొత్త ఫోనుకైతే గోటితో నొక్కి చిన్నదాన్ని విడదీసుకుంటారు. అంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఇక్కడ సిమ్ నీలం రంగుది. చుట్టూ ఉన్న చట్రం ఎర్రది. చట్రం మీద విరిగిన అక్షరాల సగం ఒక కంపెనీది, సిమ్ ఇంకో కంపెనీది.

అంటే ఈ పాత ఫోనులో ఇంతకుముందు ఎర్ర సిమ్ ఒకటి ఉండేది. దాన్ని చట్రంలోంచి ఊడబెరికి, ఆ ఖాళీలో బెన్నీ సిమ్ ఇరికించారు. మరి ఊడబెరికిన ఎర్ర సిమ్ ఎక్కడికి పోయింది?

“ఏం మేడమ్, ఫోన్ రిపేర్ నేర్చుకుంటుండ్రా?”

వాకిట్లో సంపత్ నిలబడి ఉన్నాడు. ఆమెకంటే వయసులో చిన్న, హోదాలో పెద్ద. ఇస్త్రీ నలగని చొక్కా, సన్నటి పట్టె మీసం, కుడి చేతికి రాగి కడెం. జ్యోతిరాణి లేచి సెల్యూట్ చేసింది. లేచేటప్పుడు మోకాళ్లు కలుక్కుమన్నాయి.

“సార్, ఈ ఫోన్ వెనక మూత ఎవరన్నా తీసి చూసిండ్రా?”

“మూతతోటి మనకేం పని? నంబరు బెన్నీది. టవర్ జమ్మికుంటది. ఫోన్ వీని జేబుల దొరికింది. బెన్నీని కొట్టి, గోదాట్ల ఏసి, సిమ్ ఎత్తుకపోయిండు. కథ ఒడిసింది.”

“వేల రూపాయల టచ్ ఫోన్ వదిలేసి సిమ్ ఒక్కటే ఎత్తుకపోయే దొంగను నేను ఇప్పటిదాక చూడలే సార్. బెన్నీ ఫోన్ ఏది?”

“వాని తోటే నీళ్లల్ల ఉంటది.”

“ఆ ఫోన్ ఐఎంఈఐ పెట్టి వెతికిండ్రా?”

ప్రతి ఫోనుకూ పుట్టుమచ్చలాంటి అంకె ఒకటి ఉంటుంది. సిమ్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు. ఫోను ఎక్కడ ఆన్ అయినా, అందులో ఎవరి సిమ్ ఉన్నా, ఆ అంకెతో పట్టుకోవచ్చు. పోలీసు డిపార్టుమెంటులో నిన్న మొన్న చేరిన పిల్లలకు కూడా అది తెలుసు.

సంపత్ కడెం తిప్పుకుంటూ నవ్వాడు. “నీళ్లల్ల మునిగిన ఫోన్‌కు ఐఎంఈఐ ఎందుకు? వెతకలే. వెతికే అవసరం లే. మీరు సుత దాని ఎంటవడి పరేషాన్ కాకుండ్రి. సాయంత్రం నేను వచ్చేసరికి ఫైలు తయారుండాలె.”

“సాయంత్రం దాక ఇది నా స్టేషన్ కేసే గద సార్.”

“మీ స్టేషన్ల మనిషి మాయమైతే మీరు జాతరల కొబ్బరికాయలు కొట్టే కాడ ఉన్నరు. గిప్పుడు నాకు పని నేర్పుతుండ్రా?”

కానిస్టేబుళ్లు తలలు దించుకున్నారు. జ్యోతిరాణికి కోపం రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో కొంచెం బలం ఉండాలి.

“నన్ను జాతరకు ఏసింది మీ ఆఫీసే సార్. ఒక్క మాట. లాకప్‌ల పిలగాని పెదవి చిట్లింది. మెడికల్‌కు పంపుతున్న. ఎవలు ఎట్ల రాయమంటే అట్ల కాదు, డాక్టరు ఉన్నది ఉన్నట్లు రాస్తడు.”

సంపత్ ముఖంలో నవ్వు చెదిరింది. ఏదో అనబోయి, గడియారం చూసుకుని, విసురుగా బయటికి నడిచాడు. కాసేపటికి జీపు చప్పుడు వినిపించింది.

సిద్దిరాములు గొంతు తగ్గించి అన్నాడు. “సారు ఎప్పుడు సుత స్టీరింగ్ ముట్టడు మేడమ్. ఇయ్యాల డ్రైవర్‌ను దింపి, తనే నడుపుకుంట ఒక్కడే పోయిండు.”

“పోనీ రాములన్నా. మనకు శ్రీరాంపూర్‌ల పనున్నది.”

బెన్నీ తండ్రి తోమాసు బొగ్గుబాయిలో పని చేసిన రోజుల్లో కట్టుకున్న ఇల్లు అది. రెండు గదులు, ముందు రేకుల వసారా. తోమాసు పోయి చాలా ఏళ్లయింది. గోడ మీద వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కన ఆయన ఫోటో. ఏంజెల్ మంచం పట్టె మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు పూడుకుపోయాయి. అత్త రిబ్కమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి “వందనాలు మేడమ్” అంది.

జ్యోతిరాణి ఆమె ముఖం వంక ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. చాలా చావుల ఇళ్లకు వెళ్లిన మనిషి. ఇది కొడుకును పోగొట్టుకున్న ముఖంలా లేదు. జ్వరమొచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని, తెల్లారుతుందా లేదా అని మేలుకున్న తల్లి ముఖంలా ఉంది.

“ఏంజెల్, బెన్నీ నంబరుకు ఆఖరుకు ఎప్పుడు ఫోన్ చేసినవ్?”

“సోమవారం మేడమ్. ఎవరో మగాయన ఎత్తిండు. నాకు భయమై పెట్టేసిన.” ఏంజెల్ తన ఫోను చేతికిచ్చింది. “కని గీ వాట్సాప్ జర చూడుండ్రి. నేను పిచ్చిదాని లెక్క రోజూ మెసేజ్‌లు పెడుతున్న. ‘ఏడున్నవ్, ఒక్క మాట చెప్పు’ అని. వాటికి నీలం టిక్కులు వస్తున్నయి. చదువుతుండ్రు ఎవరో. నిన్న మధ్యాహ్నం సుత వచ్చినయి. సంపత్ సారుకు ఫోన్ల చెప్తే, నెట్‌వర్క్ గట్లనే చూపెడతది అన్నడు.”

నిన్న మధ్యాహ్నం బెన్నీ సిమ్ ఆ కీప్యాడ్ ఫోనులో, శ్రావణ్ జేబులో ఉంది. ఆ ఫోనులో వాట్సాప్ లేదు, రాదు. సిమ్ ఊడదీసినా వాట్సాప్ ఆ టచ్ ఫోనులో మొదటి నంబరు మీదనే నడుస్తూ ఉంటుంది, ఇంకో సిమ్ వేసి నెట్ ఇస్తే చాలు. అంటే బెన్నీ టచ్ ఫోను నీళ్లలో లేదు. ఎక్కడో పొడిగా, చార్జింగ్‌తో, ఇంకెవరి సిమ్‌తోనో బతికే ఉంది.

“ఫోన్ కొన్న డబ్బా ఉన్నదా?”

గోడకు ఆనుకుని నేల మీద కూలబడిన రిబ్కమ్మ లేవలేదు. ఏంజెలే బీరువాలోంచి అట్టపెట్టె తెచ్చింది. దాని పక్కన అతికించిన కాగితం మీద ఐఎంఈఐ అంకె ఉంది. జ్యోతిరాణి దాన్ని ఫోటో తీసుకుంటుంటే రిబ్కమ్మ నోరు తెరిచింది.

“మొన్న వచ్చినాయన సుత గిదే ఫోటో తీసుకున్నడు.”

“ఎవలు?”

“మఫ్టీల వచ్చిండు. పోలీసునే అన్నడు. పేరు చెప్పలే. చేతికి రాగి కడెం ఉన్నది.”

జ్యోతిరాణి చెయ్యి ఆగిపోయింది. వెతకలేదన్నాడు. వెతికే అవసరం లేదన్నాడు. మరి మొన్ననే ఇంటికొచ్చి డబ్బా ఫోటో ఎందుకు తీసుకున్నట్టు? ఆ ప్రశ్నను మనసులోనే ఒక మూలకు పెట్టి, ఆమె లేచి ఇల్లంతా తిరిగింది. బెన్నీ గదిలో అంతా సర్ది ఉంది. వంటింట్లోకి వెళ్లింది.

కిటికీ గట్టు మీద తెల్లటి ప్లాస్టర్ చుట్ట. పొయ్యి పక్కన గోడ మేకుకు వేలాడుతున్న చార్జర్. సన్నటి గుండ్రటి మొన. పాత కీప్యాడ్ ఫోన్లకు తప్ప దేనికీ పట్టదు.

“ఈ ప్లాస్టర్ నువ్వు తెచ్చినవా ఏంజెల్?”

“అవు మేడమ్. అత్తమ్మ మడిమె పగిలితే వేసుకుంటదని తెచ్చి పెట్టిన.”

“ఈ చార్జర్?”

“అత్తమ్మదే. అత్తమ్మ ఫోన్‌ది.”

జ్యోతిరాణి వెనక్కి తిరిగింది. “అవ్వా, నీ ఫోన్ ఏది?”

“కరాబైంది. పారేసిన.” రిబ్కమ్మ చూపులు నేల మీద ఉన్నాయి.

“ఎప్పుడు?”

“ఎప్పుడో… మస్తు రోజులైంది.”

ఏంజెల్ ఆశ్చర్యంగా చూసింది. “అదేంది అత్తమ్మా, ఆదివారం పొద్దుగాల చర్చికి వోయేముందు నాతోటి మాట్లాడినవ్ గద నీ ఫోన్ల నుంచి?”

జ్యోతిరాణి ఏంజెల్‌ను అడిగింది. “ఆమెది ఎర్ర కంపెనీ సిమ్ గదా?”

“అవు. మీకెట్ల తెలుసు?”

జ్యోతిరాణి వంటింటి గడప మీదనే కూర్చుండిపోయింది. కాళ్లు ఇక నిలబడలేమన్నాయి. కూర్చున్నాక ఆమె, రిబ్కమ్మ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో ఉన్నారు.

“అవ్వా, నేను చెప్త, తప్పయితే తప్పని చెప్పు. నీ ఫోన్ల సిమ్ తీసి బెన్నీ ఫోన్ల ఏసిండ్రు. బెన్నీ సిమ్ తీసి నీ ఫోన్ల పెట్టి, కదలకుంట ప్లాస్టర్ అతికిచ్చిండ్రు. ఆ ఫోన్‌ను తీస్కపోయి, చాయ్ కాడ ఆగిన పత్తి బండిల పడేసిండ్రు. ఎతికేటోళ్లు దాని ఎంట పోవాలె అని. బెన్నీ చావలే. నీకెరుకనే.”

ఏంజెల్ గోడ పట్టుకుంది.

రిబ్కమ్మ పెదవులు కదిలాయి. ప్రార్థనో, మాటో తెలియలేదు. “నాకేం తెల్వది మేడమ్. ముసలిదాన్ని.”

“మా స్టేషన్ మెట్ల మీద ఇంకో ముసలామె కూసున్నది. సత్తవ్వ అని. పత్తి బండి నడిపే పిలగాని తల్లి. నీ కొడుకును చంపిండని ఆ పిలగాన్ని లోపటేసి కొడుతుండ్రు. నీ కొడుకును దాచుకునేతందుకు ఆమె కొడుకును అప్పజెప్పినవ్. నేను పోయేదాక ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలే.”

వసారాలో రేకులు ఎండకు టిక్కుమన్నాయి. రిబ్కమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

“ప్రభువా, గంత దూరం వోతదని అనుకోలే…”

ఆమె చెప్పింది. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, ఏంజెల్ వైపు చూడకుండా చెప్పింది. బెన్నీ పనిచేసే సైటులో పది పదిహేను రోజుల కింద డంపరు వెనక్కి వస్తూ ఒడిశా నుంచి వచ్చిన కూలీ మీద ఎక్కింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. సంగతి బయటపడితే పని ఆగిపోతుందని శవాన్ని తీసుకుపోయి రోడ్డు మీద పడేసి, ఏదో లారీ గుద్దిందని రాయించారు. పంపు షెడ్డు చాటు నుంచి బెన్నీ అదంతా ఫోనులో వీడియో తీశాడు. ఎవరో చూసి చెప్పారు. శనివారం ఇద్దరు మనుషులు వచ్చి, ఫోను ఇస్తావా ప్రాణం ఇస్తావా అని అడిగి పోయారు.

“మరి పోలీసుల కాడికి ఎందుకు రాలే?”

రిబ్కమ్మ మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. “ఆ వీడియోల పోలీసోడు సుత ఉన్నడు మేడమ్. శవాన్ని ఎత్తుతుంటే జీపు కాడ నిలవడి, అటు పెట్టుండ్రి ఇటు పెట్టుండ్రి అని చెయ్యి ఊపుతుండు. మొఖం కనవడలే, ఎనుకకు తిరిగి ఉన్నడు. ఎవలని నమ్మాలె? మీరు సుత గా బట్టలే ఏసుకున్నరు గద.”

జ్యోతిరాణి తన భుజం మీది నక్షత్రాల వంక చూసుకుంది.

ఏంజెల్ గొంతు చీలి వచ్చింది. “నాకెందుకు చెప్పలే అత్తమ్మా? ఇన్ని రోజుల సంది చచ్చిండని ఏడుస్తుంటే, నా పక్కన కూసుని నా తల నిమిరినవ్. ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదా?”

“నీ ఏడుపు చూసి వాళ్లు నమ్మాలె అన్నడు బిడ్డా. నాకు ఏడుపు రాదు, పట్టువడతనని వానికి ఎరుక. నువ్వు ఏడిస్తేనే వాడు బతుకుతడన్నడు.”

ఏంజెల్ మంచం మీదికి ఒరిగి గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. భర్త బతికున్నాడన్న సంతోషమో, మోసపోయానన్న బాధో, రెండూనో.

“ఏడున్నడు అవ్వా?”

“జన్నారం అవతల. అడివి అంచున మూతవడ్డ పాత హాస్టల్ ఉన్నది. మా పెద్దనాయిన కొడుకు దానికి కావలి. మధ్యాహ్నం ప్రార్థన యాళ్లకు వాడు ఫోన్ ఆన్ చేస్తడు. పక్కింటి ఫోన్ల నుంచి నేను చేస్త. ఒకసారి మోగిచ్చి కట్ చెయ్యాలె. మల్ల చేస్తేనే ఎత్తుతడు.”

జ్యోతిరాణి గోడ గడియారం చూసింది. ఆ వేళ అయింది. అయినా ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. మూలకు పెట్టిన ప్రశ్న ఇప్పుడు కాళ్లలో ముల్లులా కలుక్కుమంటోంది. ఆమె టెక్నికల్ సెల్‌లో పనిచేసే నవీనకు ఫోను చేసింది. టవర్ల వివరాలు, ఐఎంఈఐ వివరాలు ఫోన్ కంపెనీల నుంచి తెప్పించేది ఆ పిల్లే.

“నవీనా, ఒక ఐఎంఈఐ పంపుతున్న. ఇప్పుడు దాంట్ల ఏ సిమ్ ఉన్నదో, ఏ టవర్ కింద ఉన్నదో చూడాలె. జర జల్ది.”

అంకె పంపింది. అవతల కీబోర్డు చప్పుడు. ఆ వెంటనే నవీన గొంతు, కొంచెం విసుగ్గా.

“మేడమ్, గిది మీ కేసుదే గద? ఆల్రెడీ ఇచ్చిన నేను.”

“ఎవలకు?”

“సంపత్ సారుకు. మొన్ననే అడిగిండు. దాంట్ల రిబ్కమ్మ అనే పేరు మీదున్న సిమ్ పడ్డదని చెప్పిన. రోజు మధ్యాహ్నం కొద్దిసేపు ఆన్ అయితుంది, జన్నారం అవతలి టవర్. ఇయ్యాల ఆన్ కాంగనే చెప్పమన్నడు. ఇప్పుడే చెప్పిన మేడమ్. సారు రోడ్డు మీదనే ఉన్నడు, దగ్గరికి వచ్చిన అన్నడు. ఏమైంది? ఏమన్నా తప్పు చేసిన్నా?”

“లే బిడ్డా. నువ్వేం తప్పు చెయ్యలే. నేను చెప్పేదాక ఆయనకు ఇంకేం చెప్పకు.”

బెన్నీ బతికే ఉన్నాడని సంపత్‌కు మొన్నటి నుంచీ తెలుసు. తెలిసే శ్రావణ్‌ను పట్టుకొచ్చాడు. శవం లేని హత్యకు హంతకుణ్ణి ముందే సిద్ధం చేసి, ఇప్పుడు శవం కోసం బయలుదేరాడు. ఒక్కడే, డ్రైవర్ కూడా లేకుండా.

ఆమె గడప పట్టుకుని లేచింది.

“రాములన్నా!” బయటికి కేక వేసింది. “జన్నారం స్టేషన్‌కు ఫోన్ కొట్టు. నా పేరు చెప్పు. అడివి అంచున పాత హాస్టల్‌కు ఉన్నపళంగా బండి పంపమను. సంపత్ సారు పేరు ఎత్తకు. బండి తియ్యి.”

రిబ్కమ్మ చెప్పిన నంబరు కొట్టింది. ఒకసారి మోగనిచ్చి కట్ చేసింది. మళ్లీ చేసింది. మోగుతోంది. ఎత్తలేదు. మోగుతోంది. రిబ్కమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది. ఏంజెల్ లేచి వచ్చి జ్యోతిరాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అవ్వా?” అవతల నుంచి గుసగుస.

“బెన్నీ, నేను అవ్వను కాదు. నస్పూర్ ఎస్సై జ్యోతిరాణిని. అవ్వ, ఏంజెల్ నా పక్కనే ఉన్నరు. మాట్లాడకుంట ఇను. అక్కడి నుంచి ఉన్నోనివి ఉన్నట్లే అడివిలకు పో. మామ ఎట్లనన్నా ఉండనీ, నువ్వు పో. ఎవలు పిలిచినా ఆగకు.”

అవతల ఊపిరి చప్పుడు వినిపించింది. వెనకాల ఎక్కడో కుక్క మొరుగుతోంది.

“మీరేనా మేడమ్?” బెన్నీ గొంతులో పెద్ద బరువు దింపుకున్న నిమ్మళం. “గట్లయితే ఫికర్ లే. మీరు పంపిన సారు వచ్చిండు. జీపు గేటు కాడనే ఉన్నది. మామ గొళ్లెం తీస్తుండు.”

“తియ్యద్దను! బెన్నీ, గొళ్లెం తియ్యద్దను!”

ఇనుప గేటు కిర్రుమన్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినబడింది. కుక్క మొరుగుడు టక్కున ఆగిపోయింది. ఆపైన అడుగులు, దగ్గరికి, ఇంకా దగ్గరికి. పొద్దున స్టేషన్‌లో విన్న గొంతే, ఇప్పుడు ఎంతో ఆప్యాయంగా పలికింది.

“భయపడకు బెన్నీ. జ్యోతిరాణి మేడమ్ పంపితేనే వచ్చిన. ఏది తమ్మీ, ఆ ఫోన్ ఇటియ్యి.”